ఆ కొలత ఎవరు చెప్పారు?

మా అబ్బాజాన్ కాజీపేట డీజిల్ లోకో షెడ్డులో పాతికేళ్లకు పైగా ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందారు. ఇప్పుడాయన వయసు ఎనభై దాటింది. నీటికాసుల వ్యాధి వల్ల ఆరేళ్లుగా చూపు లేదు. ఒక రాత్రి ఇషా నమాజు ముగించుకుని ఆయన మంచం పక్కన కూర్చున్నాను. మాటల మధ్యలో ఆయన రెండు చేతులూ ముందుకు చాచి, "బేటా, నా ఇంజనును ఒక్కసారి ముట్టుకోవాలని ఉంది" అన్నారు.

స్టేషనుకు తీసుకువెళతానన్నాను. ఆయన నవ్వారు. "ప్లాట్‌ఫారం మీద నిలబడితే ఏమి చేతికందుతుంది? చక్రాలు కింద ఉంటాయి, కప్పు పైన ఉంటుంది. అయినా ఆ రకం ఇంజన్లు ఇప్పుడెక్కడున్నాయి? ఒక్కొక్కటే తుక్కుకు పోతున్నాయి" అన్నారు.

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. చేతికందేటంత చిన్నదిగా, కానీ అచ్చం దానిలాగే ఉండే నమూనా ఒకటి చేసి ఆయన చేతుల్లో పెట్టాలని సంకల్పించుకున్నాను. ముప్పై ఏళ్లుగా మద్రసాలో అరబీ వ్యాకరణం, హదీసు పాఠాలు చెప్పుకునే నాకు సుత్తి, ఆకురాయి పట్టిన అలవాటు లేదు. అందుకని పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదువుతున్న మా చెల్లెలి కుమారుణ్ణి తోడు పిలిచాను. "మామూ, నెలలో అయిపోతుంది" అన్నాడు వాడు. పద్నాలుగు నెలలు పట్టింది. అందులో తయారీకి పట్టింది నాలుగు నెలలే. మిగిలిన పది నెలలు కొలతల కోసమే గడిచాయి. మౌల్వీ సాహెబ్ ఈ వయసులో బొమ్మలు చేస్తున్నారేమిటని ఒకరిద్దరు చెవులు కొరుక్కున్నారు. ఇది యంత్రం నమూనాయే గాని ప్రాణి బొమ్మ కాదని చెప్పి ఊరుకున్నాను. ఆ పది నెలల్లో నేను నేర్చుకున్నది పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాస ఉద్దేశం.

అబ్బాజాన్ ఇంజను పేరు డబ్ల్యూడీఎం-2. డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, డీ అంటే డీజిల్, ఎం అంటే ప్రయాణికుల బండ్లకూ సరుకు బండ్లకూ కూడా పనికివచ్చేది, 2 అంటే ఆ వరుసలో రెండవ నమూనా. దీని రూపకర్త అమెరికాకు చెందిన ఆల్కో సంస్థ. 1962లో మొదటి ఇంజన్లు అక్కడి నుంచి ఓడల మీద వచ్చాయి. 1964 నుంచి వారణాసిలోని డీజిల్ లోకోమోటివ్ కర్మాగారంలో వీటిని తయారుచేశారు. రెండున్నర వేలకు పైగా తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2600 అశ్వశక్తి, గంటకు 120 కిలోమీటర్ల గరిష్ఠ వేగం, 112 టన్నులకు పైగా బరువు. మన ప్రాంతంలో ఇప్పుడు యాభై దాటిన వారందరూ బాల్యంలో చెవులు మూసుకుని చూసిన పొగ ఇంజను ఇదే.

మొదట ఏ నిష్పత్తిలో చేయాలన్న ప్రశ్న వచ్చింది. ప్రపంచంలో ఎక్కువమంది చేసే రైలు నమూనాలు అసలులో 87వ వంతు ఉంటాయి. ఒక అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లన్నది దాని లెక్క. వాటి పట్టాల నడుమ దూరం 16.5 మిల్లీమీటర్లు. కానీ ఆ లెక్క 1435 మిల్లీమీటర్ల విదేశీ పట్టాలకు సరిపోతుంది. మన బ్రాడ్‌గేజ్ 1676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లు దాటుతుంది. బజారులో దొరికే చక్రాలు, ఇరుసులు తెచ్చి బిగిస్తే ఇంజను తన ఒంటికి తగని ఇరుకు పట్టాల మీద నిలబడుతుంది. పైగా 87వ వంతు నమూనా జానెడు కంటే ఎక్కువ ఉండదు. చూపున్న వారికి అది ముచ్చటగా ఉంటుంది, వేళ్లతో చూసేవారికి మాత్రం చాలదు. అందుచేత మేము 40వ వంతు ఎంచుకున్నాము. అలా చేస్తే పొడవు 42.8 సెంటీమీటర్లు వస్తుంది. ఒడిలో పెట్టుకుని రెండు చేతులా తడమవచ్చు. అన్ని భాగాలూ మేమే చేసుకోవాలి గనుక ప్రతి కొలతా మేమే వెతుక్కోవాలి.

కొలతలు దొరకడం కష్టం కాదని మొదట అనుకున్నాము. నిజమే, కొలతలు దొరికాయి. దొరికినవాటిలో ఏది సరైనదో తేల్చడమే కష్టమైంది.

మేనల్లుడు వారం తిరగకుండానే మూడు చోట్ల నుంచి మూడు కొలతల జాబితాలు తెచ్చాడు. మూడింటిలోనూ వెడల్పు 2684 మిల్లీమీటర్లని ఉంది. "ముగ్గురూ ఒకటే చెబుతున్నారు మామూ, ఇక అనుమానమేముంది?" అన్నాడు. నాకూ అనుమానం కలగలేదు. కాగితం మీద గీసి, అట్టతో ఒక ముక్క కోసి చూసుకున్నాము. కొద్ది రోజులకు అబ్బాజాన్ పాత మిత్రుడొకరు తన దగ్గరున్న ఇంజను బాహ్యరేఖా చిత్రం నకలు ఇచ్చారు. అందులో వెడల్పు 2864 అని స్పష్టంగా ఉంది. ఎవరో ఎప్పుడో ఎత్తి రాసుకునేటప్పుడు ఎనిమిదినీ ఆరునూ తారుమారు చేశారు. 180 మిల్లీమీటర్ల తేడా! మా నమూనాలో అది నాలుగున్నర మిల్లీమీటర్లు.

మరి ముగ్గురూ ఒకే తప్పు ఎలా చేశారు? జాబితాలను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడింది. ఒక జాబితాలో ఉన్న అక్షరదోషమే మిగతా రెండింటిలోనూ ఉన్నది. ముగ్గురూ ఇంజనును కొలవలేదు. ఇద్దరు మూడవవానిని చూసి రాశారు, లేదా ముగ్గురూ మనకు తెలియని నాలుగవవానిని చూసి రాశారు.

నేను తలవంచుకున్నాను. ఎందుకంటే ఇది నాకు తెలియని విషయం కాదు. ప్రతి ఏటా విద్యార్థులకు చెప్పే పాఠమే. ఒక ఉల్లేఖనం పది గ్రంథాలలో కనబడవచ్చు. కానీ ఆ పది పరంపరలూ వెనక్కు వెళ్లి ఒకే వ్యక్తి దగ్గర కలిస్తే, ఆ చోట అది ఒక్కరి సాక్ష్యమే అవుతుంది. పదిమంది సాక్ష్యం కాదు. ఉల్లేఖకులను లెక్కపెట్టే ముందు, వారు ఎవరి నుంచి విన్నారో అడగాలి. దానినే ఇస్నాద్ అంటాము. తరగతిలో ఇంత గట్టిగా చెప్పే నేను, ఒక ఇంజను వెడల్పు దగ్గరకు వచ్చేసరికి మూడు కాగితాలు చూసి మోసపోయాను.

ఆ రోజే ఒక పొడవాటి నోటుపుస్తకం కొని గళ్లు గీశాము. మొదటి గడిలో భాగం పేరు, రెండవదానిలో కొలత, మూడవదానిలో ఎవరు చెప్పారు, నాలుగవదానిలో ఆయనకెలా తెలుసు. కొలిచాడా, చదివాడా, విన్నాడా, లేక ఊహించాడా? నాలుగవ గడి నిండని కొలతకు పెన్సిలుతో చుక్క పెట్టాలని నియమం పెట్టుకున్నాము.

రెండవ పాఠం ఆ చిత్రం నకలే నేర్పింది. దాని మీద రాసిన అంకెలు కొన్నే. పొడవు, వెడల్పు, ఎత్తు వంటి పెద్ద కొలతలు ఉన్నాయి. తలుపులు, కిటికీలు, జాలీల కొలతలు లేవు. చిత్రం నూరవ వంతులో గీసినది గనుక, స్కేలు పెట్టి కొలిచి నూరుతో గుణిస్తే చాలుననుకున్నాడు మేనల్లుడు. అలా చేయవద్దని నేనన్నాను. ముందుగా మనకు తెలిసిన కొలతతో కాగితాన్ని పరీక్షించమన్నాను. బఫర్ల కొస నుంచి కొస దాకా 17120 మిల్లీమీటర్లు గనుక కాగితం మీద 171.2 ఉండాలి. 169.4 ఉంది! ఎత్తు 4185 గనుక 41.85 ఉండాలి. అది మాత్రం 41.9 ఉంది. అంటే నకలు తీసే యంత్రంలో కాగితం నడిచే దిశలో చిత్రం నూటికి ఒక పాలు కుదించుకుపోయింది, అడ్డంగా కుదించుకోలేదు. నిలువు కొలతలను ఉన్నవి ఉన్నట్టు తీసుకుని, పొడవు దిశలోని కొలతలను మాత్రం సవరించుకున్నాము. సవరించకపోయి ఉంటే నమూనా నాలుగు మిల్లీమీటర్లకు పైగా పొట్టిదయ్యేది. గుండ్రటి కిటికీ కోడిగుడ్డు ఆకారంలోకి మారేది. అందుకే ఇంజనీరింగు చిత్రాల మీద తరచుగా 'స్కేలుతో కొలవరాదు, రాసిన అంకెనే తీసుకోవలెను' అని హెచ్చరిక ఉంటుందని వాడు తన తరగతి పాఠం గుర్తుచేశాడు.

మూడవది ఛాయాచిత్రాల సంగతి. పాత ఫొటోలు చాలా సంపాదించాము. ఇంజను వెలుపలి అంచున తెలిసిన కొలత ఒకటి ఉంది గనుక, ఫొటోలో అది ఎంత ఉందో చూసి, ఆ నిష్పత్తిలో తక్కినవన్నీ లెక్క కట్టవచ్చుననుకున్నాము. లెక్క కట్టిన ప్రతిసారీ హుడ్డు, అంటే ఇంజను యంత్రాన్ని కప్పే పొడవాటి పెట్టె, ఉండవలసిన దానికంటే పొట్టిగా వచ్చింది. కారణం తేలికైనదే. ఈ ఇంజనులో హుడ్డుకు ఇరుపక్కలా నడిచే దారి ఉంటుంది. కాబట్టి హుడ్డు పక్కగోడ కెమెరాకు ఆ వెలుపలి అంచు కంటే సుమారు అరమీటరు దూరంలో ఉంటుంది. పది మీటర్ల దూరం నుంచి ఫొటో తీస్తే, ఆ అరమీటరు వెనుకబాటు వల్ల హుడ్డు దాదాపు నూటికి అయిదు వంతులు చిన్నదిగా కనబడుతుంది. రెండు మీటర్ల భాగంలో అది పది సెంటీమీటర్ల లోటు. ఏ తలాన్ని కొలవదలిచామో ఆ తలంలోనే తెలిసిన కొలత ఒకటి ఉండాలి. పక్కింటి తక్కెడతో మన సరుకు తూచకూడదు.

ఈ మూడు పాఠాలూ అయ్యేసరికి అయిదు నెలలు గడిచాయి. అబ్బాజాన్‌కు ఒంట్లో నలత చేసింది. వారం రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటికి వచ్చాక మునుపటి ఓపిక లేదు. నాలో తొందర మొదలైంది. బోగీ ఒకటి ముందుగా చేసి ఆయన చేతికిస్తే సంతోషిస్తారనుకున్నాము. మనం రైలు పెట్టెను బోగీ అంటాము గాని, షెడ్డు పనివారి మాటలో బోగీ అంటే చక్రాలు, ఇరుసులు బిగించిన కింది చట్రం. ఈ ఇంజనుకు అటువంటివి రెండు, ఒక్కొక్క దానిలో మూడు ఇరుసులు. మొదటి ఇరుసు నుంచి మూడవ ఇరుసుకు ఎంత దూరమో మా దగ్గర నిలకడైన కొలత ఉంది. మధ్య ఇరుసు స్థానం మాత్రం లేదు. మేనల్లుడు నా ముఖం చూశాడు. "సగానికి పెట్టేద్దామా మామూ? నానాకు కనబడదు కదా" అన్నాడు.

వాణ్ణి మందలించవలసినవాణ్ణి నేను. మందలించలేదు. మూడు చక్రాలున్నప్పుడు మధ్యది మధ్యలోనే ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను. నోటుపుస్తకంలో ఆ కొలత రాసి, మూడవ గడిని ఖాళీగా వదిలి, పెన్సిలు చుక్క కూడా పెట్టలేదు.

బోగీ తయారైంది. ఒక శుక్రవారం సాయంత్రం అబ్బాజాన్ చేతుల్లో పెట్టాను. ఆయన వేళ్లు మొదటి చక్రం మీద ఆగాయి, అంచు చుట్టూ తిరిగాయి, రెండవ చక్రానికి వెళ్లాయి, వెనక్కు వచ్చాయి. బొటనవేలూ చూపుడువేలూ చాపి మొదటి సందు కొలిచారు, రెండవ సందు కొలిచారు. తరువాత బోగీని మెల్లగా పక్కన పెట్టేశారు.

"ఇది మన బండి కాదు బేటా" అన్నారు.

నేను మాట్లాడలేదు. ఆయనే చెప్పారు. "దీన్ని ట్రైమౌంట్ అంటారు. మధ్య ఇరుసు మధ్యలో ఉండదు. ఒక సందులో రెండు మోటార్లు కూర్చోవాలి, ఇంకొక సందులో ఒక్కటే. రెండు మోటార్లుండే సందు పెద్దది. మీరు మోటార్లకు చోటు ఎక్కడ ఇచ్చారు? ఈ కొలత ఎవరు చెప్పారు?"

ఎవరూ చెప్పలేదని ఒప్పుకోవలసి వచ్చింది. లెక్కకు సులువుగా ఉందని సగానికి పెట్టానన్నాను. ఆయన కోపగించుకోలేదు. "తెలియనప్పుడు అడగవలసింది. కళ్లు లేవు గాని నేనింకా ఉన్నాను కదా" అన్నారు. అంతే.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కొలతలలోనూ తూనికలలోనూ తక్కువచేసే వారిని గురించి ఒక సూరాయే ఉంది. దానిని ఎన్నిసార్లు పాఠంగా చెప్పానో లెక్కలేదు. చెప్పినప్పుడల్లా నా కళ్లముందు కిరాణా కొట్టు, బట్టల కొట్టు, పాల కేంద్రం కనిపించేవి. నేను కనిపించేవాణ్ణి కాదు. చూపులేని మనిషికి, అందులోనూ కన్నతండ్రికి, ఆయన చూడలేరన్న ధైర్యంతో ఊహను కొలతగా అంటగట్టడం కూడా తక్కువ తూచడమేనని ఆ రాత్రి తెలిసింది. ఫజ్ర్ తరువాత మేనల్లుణ్ణి పిలిచి, తప్పు నాదేనని చెప్పి, బోగీని విప్పించాను.

ఆనాటి నుంచి పని తీరు మారింది. రోజూ అస్ర్ తరువాత అరగంట అబ్బాజాన్ దగ్గర కూర్చునేవాళ్లం. మేము అడిగేవాళ్లం, ఆయన చెప్పేవారు. అయితే ఆయన చెప్పినదానికి కూడా నాలుగవ గడి నింపాలని ఆయనే పట్టుబట్టారు. "ఇది నేను చేత్తో పట్టుకున్నది, రాసుకో. ఇది మా మేస్త్రీ చెప్పగా విన్నది, విడిగా రాసుకో. ఇది నాకు సరిగా గుర్తు లేదు, చుక్క పెట్టు" అనేవారు. నా తరగతిలో ఇంత నిజాయితీగా పరంపరను వేరుచేసి చెప్పిన విద్యార్థి అరుదు.

ఆ సంభాషణల్లోనే ఒక విశేషం తెలిసింది. చక్రం వ్యాసం 1092 మిల్లీమీటర్లని పుస్తకంలో ఉంది. 1090 కాక, 1100 కాక ఈ వింత అంకె ఏమిటని మేనల్లుడు అడిగాడు. "నలభై మూడు అంగుళాల చక్రం" అన్నారు అబ్బాజాన్ తడుముకోకుండా. వాడు లెక్క వేశాడు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్ల చొప్పున 43 అంగుళాలు 1092.2! వెంటనే మిగిలిన వింత అంకెలన్నిటినీ అంగుళాల్లోకి మార్చి చూశాడు. పట్టాల నడుమ 1676 అంటే 66 అంగుళాలు, అంటే అయిదున్నర అడుగులు. ఒకే కొసన ఉండే రెండు బఫర్ల నడిమి దూరం 1956 అంటే 77 అంగుళాలు. ఇంజను సిలిండరు లోపలి వ్యాసం 228.6 అంటే సరిగ్గా 9 అంగుళాలు. పిస్టను నడిచే దూరం 266.7 అంటే పదిన్నర. అమెరికాలో అంగుళాలతో పుట్టిన యంత్రానికి మన దేశంలో మిల్లీమీటర్ల పేర్లు పెట్టారన్నమాట. ఇది మాకు మంచి పరీక్షాసాధనమైంది. ఏదైనా కొలత అంగుళాల్లోకి మార్చినప్పుడు చక్కని అంకెకు దగ్గరగా వస్తే దానికి కొంత బలం చేకూరేది. ఎటూ పొసగకపోతే మళ్లీ విచారించేవాళ్లం. అది రుజువు కాదు, ఒక సూచన మాత్రమే. అయినా రెండు వేర్వేరు దారుల్లో వచ్చిన సాక్ష్యాలు, ఒకటి పుస్తకం నుంచి, ఇంకొకటి వృద్ధుని జ్ఞాపకం నుంచి, ఒకేచోట కలిసినప్పుడు కలిగే నెమ్మది వేరు.

ఇక మిగిలినవి ఇంజను దగ్గరకు వెళితే తప్ప తేలనివి. అబ్బాజాన్ దగ్గర పని నేర్చుకున్న ఒకాయన అనుమతి సంపాదించి పెట్టారు. తుక్కుకు పోవడానికి పక్క లైనులో నిలబెట్టిన ఇంజను ఒకటి ఉందని, రెండు పూటలు కొలుచుకోవచ్చునని కబురు వచ్చింది. అబ్బాజాన్ స్వయంగా మాకు పాఠం చెప్పి పంపారు. తన పాత స్టీలు స్కేలు, ఒక పక్క అంగుళాలు, ఒక పక్క మిల్లీమీటర్లు ఉన్నది, పెట్టెలోంచి తీయించి ఇచ్చారు.

ఆయన చెప్పిన పద్ధతులు ఇవి. టేపు కొసనున్న కొక్కెం అరిగి ఆడుతూ ఉంటుంది గనుక దానిని నమ్మవద్దు. 100 మిల్లీమీటర్ల గీత నుంచి మొదలుపెట్టి, వచ్చినదానిలో 100 తీసివేయాలి. తలుపులను ఒక్కొక్కటిగా కొలిచి కూడవద్దు, ప్రతి కొలతలోని చిన్న పొరపాటూ పోగుపడుతుంది. ఒక కొసను సున్నాగా పెట్టుకుని, టేపు కదల్చకుండా ప్రతి తలుపు అంచు ఎంత దూరంలో ఉందో వరుసగా రాసుకోవాలి. జాలీలో పలకలు సన్నగా ఉంటే ఒక దానిని కొలవడానికి ప్రయత్నించక, పదింటిని కలిపి కొలిచి పదితో భాగించాలి. ప్రతి కొలతనూ ఇద్దరు విడివిడిగా తీసుకోవాలి, ఒకరి అంకె ఒకరికి చెప్పుకోకూడదు. చివరికి ముక్కలన్నీ కూడితే మొత్తం రావాలి. రాకపోతే ఇంటికి రావద్దు, మళ్లీ కొలవండి.

ఆయన మరొక మాట గట్టిగా చెప్పారు. లైను మీద 25,000 వోల్టుల కరెంటు తీగ ఉంటుంది, ఏ కొలత కోసమూ కప్పు మీదకు ఎక్కవద్దు, పొడవాటి కర్రగాని ఇనుప టేపుగాని పైకెత్తవద్దు. అందుచేత ఎత్తు కొలతను మేము తీసుకోలేదు. చిత్రంలో ఉన్న 4185నే ఉంచుకుని, మూడవ గడిలో 'చిత్రం నుంచి, కొలవలేదు' అని రాసుకున్నాము.

హుడ్డు పక్కగోడ కోసం మేనల్లుడు ఒక ఉపాయం చేశాడు. నలుపు తెలుపు చారలు పూసిన మీటరు పొడవు బద్దను హుడ్డు గోడకే ఆనించి ఫొటోలు తీశాడు. కొలవవలసిన తలం మీదే కొలత ఉంది గనుక ఇక అయిదు శాతం మోసం లేదు. మధ్య ఇరుసు స్థానాన్ని నేనే పట్టాల పక్కన మోకాళ్ల మీద కూర్చుని, తాపీవారి తూగుగుండు దారాన్ని ఇరుసు మధ్య నుంచి జారవిడిచి, నేల మీద గుర్తు పెట్టి కొలిచాను. వాడు విడిగా కొలిచాడు. మా ఇద్దరి అంకెలకూ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చింది. మా నమూనాలో అది మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు. అక్కడ ఆగాము. అబ్బాజాన్ చెప్పినట్టే ఒక సందు పెద్దది, ఒక సందు చిన్నది.

ఆ రెండు పూటల్లో మాకు ఒక చిక్కు ఎదురైంది. చక్రం 1092 రాలేదు, అంతకంటే చాలా తక్కువ వచ్చింది. పట్టా నుంచి బఫరు మధ్యకు ఎత్తు కూడా పుస్తకంలో ఉన్న గరిష్ఠ అంకె 1105 కంటే తక్కువ ఉంది. మా కొలత తప్పా, పుస్తకం తప్పా అని కంగారుపడ్డాము. రెండూ తప్పు కావు. చక్రం పట్టాల మీద అరుగుతుంది. అరిగి ఆకారం చెడినప్పుడల్లా లేతు మీద చెక్కి సరిచేస్తారు, ప్రతిసారీ వ్యాసం తగ్గుతుంది. చక్రం తగ్గితే ఇంజను మొత్తం కిందికి దిగుతుంది, స్ప్రింగులు అలసినా దిగుతుంది. పుస్తకం చెప్పేది ఇంజను పుట్టిన రోజు సంగతి. మేము కొలిచింది దాని ఆఖరి రోజుల సంగతి. ఇక్కడ అబద్ధమంటూ ఏదైనా ఉంటే, సగం పుస్తకం నుంచి, సగం ఆ రోజు కొలతల నుంచి తీసుకుని, ఎన్నడూ లేని ఇంజనును తయారుచేయడమే.

ఏది తీసుకోవాలో అబ్బాజాన్‌నే అడుగుదామనుకుని, మళ్లీ వద్దనుకున్నాము. ఆయనకు తెలియకుండా కొత్త చక్రాన్నే ఎంచుకున్నాము. 27.3 మిల్లీమీటర్లు. బఫర్ల ఎత్తు, చట్రం ఎత్తు అన్నీ దానికి అనుగుణంగానే పెట్టాము. మూడవ గడిలో స్పష్టంగా రాసుకున్నాము.

రంజాన్‌కు పది రోజుల ముందు నమూనా పూర్తయింది. రంగు వేయలేదు. ఆయనకు రంగు అక్కరలేదు, పైగా రంగు పూత సన్నని గీతలను పూడ్చివేస్తుంది. ఇత్తడి రేకు, ప్లాస్టిక్ షీటు అతుకులు కనబడుతూ, చూసేవారికి అది అందంగా లేదు. అబ్బాజాన్ ఒడిలో తువాలు పరిచి దాని మీద పెట్టాము. ఇంట్లో అందరూ చుట్టూ నిలబడ్డారు.

ఆయన ముందుగా బోగీ దగ్గరకే వెళ్లారు. మొదటి సందు, రెండవ సందు. తల ఊపారు. తరువాత మెట్లు, పక్క దారి, చేతికమ్మీ, హుడ్డు తలుపులు. తలుపులను ఒక్కొక్కటీ లెక్కపెట్టారు. ఒక తలుపు దగ్గర ఆగి, "దీని వెనకనే నా వేలు నలిగింది" అని మా అమ్మీ వైపు తిరిగారు. ఆ సంగతి మాకెవరికీ తెలియదు, ఆమెకు తెలుసు. ఆమె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. చివరకు ఆయన మళ్లీ చక్రం దగ్గరకు వచ్చి, అంచు మీద గోరుతో గీస్తూ, కప్పు దాకా చేయి సాచి, కిందికి దించి, "కొత్త చక్రం పెట్టారు" అన్నారు.

"అవును నానా, నలభై మూడు అంగుళాలు" అన్నాడు మేనల్లుడు.

"నేను దిగిపోయే నాటికి అన్నీ అరిగిపోయి ఉండేవి. ఇది నేను చేరిన కొత్తలో వచ్చిన బండి" అని చాలాసేపు చేయి తీయలేదు.

నోటుపుస్తకం నా బల్ల మీద ఉంది. అందులో నాలుగు వందలకు పైగా కొలతలున్నాయి. వాటిలో పదకొండు కొలతల ఎదుట ఇప్పటికీ పెన్సిలు చుక్కలున్నాయి. కప్పు మీది హారన్ల స్థానం అందులో ఒకటి. మేము కప్పు ఎక్కలేదు, అబ్బాజాన్‌కు గుర్తు లేదు, ఫొటోలు ఒకదానితో ఒకటి పొసగవు. నమూనాలో ఆ చోటును నున్నగా వదిలేశాము. ఏదో ఒకచోట పెట్టేద్దామా అని మేనల్లుడు ఈసారి అడగలేదు. అబ్బాజాన్ వేలు అక్కడ తడిమి, ఏమీ లేకపోవడం గమనించి, కారణం అడిగారు. చెప్పాను.

"ఖాళీగానే ఉండనివ్వు. ఎవరైనా తెలిసినవారు వస్తే పెట్టుకుందాం" అన్నారు.